దూరపు పరుగు: శరీర కూర్పు, శక్తి నిల్వలు

దూరపు పరుగులో మనిషి సామర్థ్యాన్ని నిర్ణయించే దేహసంబంధమైన అంశాలలో శరీర కూర్పు, శక్తి నిల్వలు అనే రెండూ ముఖ్యమైనవి. దేహపు మొత్తం బరువులో కండరం, ఎముక, నీరు, కొవ్వు ఏ పాళ్లలో ఉన్నాయన్నది శరీర కూర్పు కాగా, పరుగుకు కావలసిన ఇంధనం దేహంలో ఏ రూపంలో, ఎంత మేరకు దాగి ఉన్నదీ, దానిని ఎంత త్వరగా వాడుకలోకి తెచ్చుకోవచ్చునన్నదీ శక్తి నిల్వలకు సంబంధించిన విషయం. కొవ్వు ఒకవంక మోయవలసిన బరువు, మరొకవంక తరగని ఇంధనం కావడంతో ఈ రెండింటినీ పూర్తిగా విడదీసి చూడడం కుదరదు. అయితే దూరాన్ని బట్టి వీటి ప్రాధాన్యం తారుమారవుతుంది: కొద్ది నిమిషాలలో ముగిసే పరుగులో నిల్వల ప్రసక్తి దాదాపు లేదు, అక్కడ బరువుదే పెత్తనం, రెండు మూడు గంటలు సాగే పరుగులో దేహం ఎంత తేలికగా ఉన్నా నిల్వ అడుగంటితే కాళ్లు కదలవు. చింతలపూడి మెట్ట నుంచి కొల్లేటి లంకల దాకా పరచుకున్న ఏలూరు జిల్లాలోనూ, దానిని ఆనుకొని ఉన్న తాడేపల్లిగూడెం ప్రాంతంలోనూ యువతీయువకులు పోలీసు, సైనిక నియామకాల కోసం సాధన చేసే పరుగు మొదటి తరహాది. హైదరాబాదులో 2011లో మొదలై సాధారణంగా ఆగస్టు నెలలో జరిగే మారథాన్ రెండవ తరహాది. ఒకదానికి పనికివచ్చే సలహాను మరొకదానికి తగిలించడం వల్లనే ఈ విషయంలో చాలా అపోహలు పుట్టాయి.

కూర్పును కొలవడం

దేహంలోని కొవ్వును శరీరధర్మశాస్త్రం రెండుగా చూస్తుంది. నాడులు, ఎముకల మజ్జ, గుండె, మూత్రపిండాలు మొదలైన అవయవాలలో ఉండి ప్రాణధారణకు అవసరమయ్యేది అత్యవసర కొవ్వు. ఇది పురుషులలో దేహపు బరువులో సుమారు 3 శాతం, గర్భధారణకు సంబంధించిన అవసరాల వల్ల స్త్రీలలో సుమారు 12 శాతం ఉంటుంది. చర్మం కింద, పొట్టలో పేరుకునే మిగిలినది నిల్వ కొవ్వు. కొవ్వు నీటి కంటే తేలిక, కండరం నీటి కంటే బరువు అనే సూత్రం ఆధారంగా అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ 1942లో మనుషులను నీటిలో ముంచి తూచి దేహ సాంద్రతను లెక్కగట్టాడు. ఆ సాంద్రత నుంచి కొవ్వు శాతాన్ని రాబట్టే సమీకరణాన్ని విలియం సిరి 1961లో రూపొందించాడు. నేడు ఎక్స్‌రే స్కానింగ్ పద్ధతి ఎక్కువ నమ్మదగినదిగా చలామణిలో ఉంది. చేతి వెనుక, భుజపుటెముక కింద, నడుము దగ్గర చర్మపు మడతను పట్టుకారు వంటి పరికరంతో కొలిచే పద్ధతి చవకైనది. కొలిచేవాడి చేయి తిరిగినదైతే అది పరుగుల శిక్షకుడికి చాలినంత పనికివస్తుంది. వ్యాయామశాలల్లో కనిపించే, కాళ్లు మోపగానే కొవ్వు శాతం చూపే విద్యుత్ యంత్రాలు నిజానికి ఒంట్లోని నీటిని బట్టి అంచనా కడతాయి కనుక, చెమటోడ్చిన తరువాత ఒక అంకె, నీళ్లు తాగిన తరువాత మరొక అంకె చూపడంలో వింత లేదు.

కిలోగ్రాములలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే వాడుకలో బి.ఎం.ఐ., కూర్పును గురించి ఏమీ చెప్పదు. ఈ లోపం భారతీయుల విషయంలో మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పుణేకు చెందిన వైద్యుడు సి.ఎస్. యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి బి.ఎం.ఐ. సమానంగా 22.3 ఉండగా, కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం ఉన్నదని 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఛాయాచిత్రంతో సహా ప్రచురించారు. చూపుకు సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువ, కండరం తక్కువ ఉండే ఈ దేహరీతి భారత ఉపఖండంలో సర్వసాధారణం. పరుగు సాధన మొదలుపెట్టే తెలుగు కుర్రవాడికి శిక్షకులు తరచుగా ఇచ్చే ‘బరువు తగ్గు’ అనే సలహా ఇందువల్లనే సగం మాత్రమే సరైనది. అతనికి చాలాసార్లు లోటుగా ఉండేది కండరం, దానిని తిండి మానేయడం పూరించదు.

బరువుకు చెల్లించే ఖరీదు

చదునైన నేల మీద పరుగెత్తే మనిషి ప్రతి కిలోమీటరుకు తన బరువులో ఒక్కో కిలోగ్రాముకు సుమారు ఒక కిలో కేలరీ శక్తిని ఖర్చు చేస్తాడని ఇటలీ శాస్త్రవేత్త రొడాల్ఫో మార్గారియా, ఆయన సహచరులు 1963లో చూపారు. ఈ ఖర్చు వేగంతో పెద్దగా మారకపోవడం విశేషం: 60 కిలోల మనిషి పది కిలోమీటర్లు నెమ్మదిగా పరుగెత్తినా, వేగంగా పరుగెత్తినా దాదాపు 600 కిలో కేలరీలే ఖర్చవుతాయి, కాకపోతే వేగంగా పరుగెత్తినప్పుడు అవి తక్కువ సమయంలో ఖర్చు కావాలి. అలా నిమిషానికి ఎంత శక్తిని పుట్టించగలడన్నది అతని కండరాలు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ మీద ఆధారపడుతుంది. ఈ గరిష్ఠ ఆక్సిజన్ వినియోగాన్ని కిలో బరువుకు ఇన్ని మిల్లీలీటర్లని చెప్పడం ఆనవాయితీ. గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, కాలి కండరాలు కలిసి లవాన్ని నిర్ణయిస్తే, మొత్తం దేహపు బరువు హారమవుతుంది. నిల్వ కొవ్వు హారాన్ని పెంచుతుందే తప్ప లవానికి ఏమీ చేర్చదు.

అమెరికాలో కిర్క్ క్యూరిటన్ బృందం 1978లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని సూటిగా తేల్చింది. వారు పరుగరులకు బరువులు కట్టి 12 నిమిషాల పరుగు పెట్టగా, దేహపు బరువుకు అదనంగా చేర్చిన ప్రతి 5 శాతానికీ పరుగెత్తిన దూరం సగటున 89 మీటర్లు తగ్గింది. ఆ పరుగరుల గుండె మారలేదు, సాధన మారలేదు, మారినదల్లా మోత. బరువు ఎక్కడ ఉన్నదన్నది కూడా లెక్కలోకి వస్తుంది: నడుము దగ్గరి బరువు కంటే పాదం దగ్గరి బరువును ప్రతి అడుగుకూ ముందుకు విసిరి, ఆపి, మళ్లీ విసరవలసి రావడం వల్ల దాని ఖరీదు ఎక్కువ. ఒక్కో బూటుకు 100 గ్రాములు కలిస్తే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది. కెన్యా పరుగరుల సన్నని పిక్కలను శాస్త్రజ్ఞులు అంత శ్రద్ధగా కొలవడానికి కారణం ఇదే. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ ముగించి, నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరని జాతీయ రికార్డు నెలకొల్పిన శివనాథ్ సింగ్ బూట్లు లేకుండా పరుగెత్తడంలో పేరు పొందాడు. అది పేదరికపు గుర్తుగానే చెప్పుకోబడుతున్నా శక్తి లెక్కలో మాత్రం అతనికి నష్టం చేసి ఉండదు.

1,600 మీటర్ల పరుగు

ఆంధ్రప్రదేశ్ పోలీసు నియామక మండలి కానిస్టేబుల్ అభ్యర్థులకు పెట్టే, అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అని పిలుచుకునే దేహదారుఢ్య పరీక్షలో 1,600 మీటర్ల పరుగును సాధారణ పురుష అభ్యర్థి 8 నిమిషాలలో, మహిళా అభ్యర్థి 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. సైనిక నియామక ర్యాలీలలో ఇదే దూరాన్ని, అంటే 1.6 కిలోమీటర్లను, 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి పరుగుకు పూర్తిగా 60 మార్కులు వేసే పద్ధతి ఉండేది. పరుగు వేగం నుంచి ఆక్సిజన్ అవసరాన్ని అంచనా కట్టే వాడుక సూత్రం ప్రకారం, నిమిషానికి మీటర్లలో వేగాన్ని 0.2తో గుణించి 3.5 కలిపితే కిలో బరువుకు కావలసిన మిల్లీలీటర్లు వస్తాయి. ఈ లెక్కన పోలీసు పరీక్షకు పురుషుడికి సుమారు 43.5, స్త్రీకి సుమారు 34, సైనిక ర్యాలీలో పూర్తి మార్కులకు సుమారు 62 మిల్లీలీటర్లు కావాలి. ఇంత చిన్న పరుగులో కొంత శక్తి ఆక్సిజన్ లేకుండానే పుడుతుంది కనుక అసలు అవసరం దీని కంటే కొంత తక్కువే, అయినా పోలికకు ఈ అంకెలు చాలు.

నిమిషానికి 3 లీటర్ల ఆక్సిజన్ వాడుకోగల యువకుడు ఒకడున్నాడనుకుంటే, అతని బరువు 69 కిలోలైతే కిలోకు 43.5 మిల్లీలీటర్లు వచ్చి అతడు సరిగ్గా 8 నిమిషాల గీత మీద ఉంటాడు. అదే గుండెతో, అవే కాళ్లతో కొవ్వు పెరిగి 75 కిలోలకు చేరితే ఆ అంకె 40కి పడిపోయి పరుగు దాదాపు 8 నిమిషాల 45 సెకన్లకు జారుతుంది. కండరం పోకుండా కొవ్వు మాత్రమే కరిగి 63 కిలోలకు వస్తే 7 నిమిషాల 15 సెకన్ల దరిదాపుల్లోకి వస్తుంది. ఆరు కిలోల కొవ్వు ఇక్కడ ఉద్యోగానికీ, తిరుగు ప్రయాణానికీ మధ్య తేడా అయి కూర్చుంటుంది.

ఇదే పరుగులో ఇంధనం లెక్క చూస్తే మాత్రం అంతా తేలిక. 60 కిలోల అభ్యర్థికి 1.6 కిలోమీటర్లకు ఖర్చయ్యేది వంద కిలో కేలరీల లోపు, అంటే మొత్తం పిండిపదార్థం నుంచే వచ్చిందనుకున్నా పాతిక గ్రాములు. తిండి మామూలుగా తినే ఏ మనిషి కండరాలలోనైనా దానికి పదింతలకు మించి నిల్వ ఉంటుంది. మైదానం బయట వరుసలో నిలబడి గ్లూకోజు పొడి నోట్లో వేసుకోవడం వల్ల పరుగుకు ఒనగూడేది ధైర్యమే తప్ప శక్తి కాదు. తెల్లవారుజామున పరీక్ష ఉంటే బలవంతంగా తినడం కూడా అనవసరం, ఎందుకంటే రాత్రి ఉపవాసంలో తగ్గేది కాలేయంలోని నిల్వే గాని కాలి కండరాలలోనిది కాదు.

నియామక ప్రక్రియలో జరిగే జాప్యం శరీర కూర్పు మీద చూపే ప్రభావాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. 2022 నవంబరులో ప్రకటన వెలువడి, 2023 జనవరిలో ప్రాథమిక రాతపరీక్ష జరిగిన కానిస్టేబుల్ నియామకానికి దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరలో గాని మొదలు కాలేదు. దృఢంగా సాధన చేసినవారు పూర్తిగా మానేస్తే గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం మూడు వారాలలోనే 7 శాతం, ఎనిమిది వారాలలో 16 శాతం మేర పడిపోతుందని ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో కనుగొన్నది. తేదీ తెలియని పరీక్షకు రెండేళ్లు ఒళ్లు నిలుపుకోవడం వృత్తి క్రీడాకారులకు కూడా కష్టమే.

ఒక ల్యాప్ పరుగు సంగతి వేరు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత 4×400 మీటర్ల రిలే జట్టులో పరుగెత్తిన సత్తి గీత వంటి వారికి శక్తిలో దాదాపు సగం ఆక్సిజన్‌తో పని లేకుండా పుట్టవలసి ఉంటుంది కాబట్టి, వారికి పిరుదులలో, తొడలలో మరింత కండ కావాలి. దూరపు పరుగరి సన్నదనం అక్కడ లోపమవుతుంది.

నిల్వల లెక్క

పరుగుకు ఇంధనం ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. అన్నం, రొట్టె, పండు నుంచి వచ్చిన గ్లూకోజు గొలుసులుగా అల్లుకొని కండరాలలో, కాలేయంలో ఉండే రూపాన్ని గ్లైకోజెన్ అంటారు. సాధారణంగా కండరాలన్నిటిలో కలిపి 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. గ్రాముకు 4 కిలో కేలరీల చొప్పున మొత్తం సుమారు 2,000 కిలో కేలరీలే. కొవ్వు గ్రాముకు 9 కిలో కేలరీలు ఇస్తుంది. నీటితో, కణపు పొరలతో కూడిన కొవ్వు కణజాలం కిలోకు సుమారు 7,700 ఇస్తుంది. 12 శాతం కొవ్వు ఉన్న 60 కిలోల మనిషికి అత్యవసర కొవ్వు పోగా 5.4 కిలోలు నిల్వ ఉంటుంది కనుక, కిలోమీటరుకు 60 కిలో కేలరీల లెక్కన అది 690 కిలోమీటర్ల పరుగుకు చాలినంత. గ్లైకోజెన్ మాత్రం సుమారు 32 కిలోమీటర్లకే వస్తుంది. ప్రోటీన్ నిల్వ ఇంధనం కాదు, అది దేహాన్ని కట్టిన పదార్థం. మామూలు పరిస్థితుల్లో దాని వాటా స్వల్పం.

గాదెలో పుట్ల కొద్దీ ధాన్యం ఉన్నా పొయ్యి మీద ఎసరు కాగే వేళకు చేటలో చెరిగిన బియ్యం ఎన్ని ఉన్నాయన్నదే వంటను నిర్ణయించినట్టు, దేహంలోనూ కొవ్వు ఎంత ఉన్నదన్నది కాదు, ఎంత త్వరగా అందుతుందన్నదే ప్రశ్న. కొవ్వు తన కణాల నుంచి విడివడి, నెత్తురులో ప్రయాణించి, కండరంలోకి ప్రవేశించి, మైటోకాండ్రియా అనే శక్తి కేంద్రాలను చేరేసరికి చాలా మెట్లు ఎక్కి దిగాలి. పైగా ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం సుమారు 5.05, కొవ్వు సుమారు 4.69 కిలో కేలరీలు ఇస్తాయి. ఊపిరి అందడమే కష్టమైన వేగంలో ఈ ఏడు శాతం తేడా చిన్నదేమీ కాదు. అందుకే నడకలో కొవ్వు వాటా ఎక్కువగా ఉండి, గరిష్ఠ సామర్థ్యంలో అరవై అరవై అయిదు శాతం దగ్గర నిమిషానికి కాలే కొవ్వు పతాక స్థాయికి చేరి, ఆ పైన వేగం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. మారథాన్ పోటీ వేగం దాదాపు అందరికీ ఈ పతాక స్థాయికి పైనే ఉంటుంది. సాధన చేసిన కండరం అదే వేగంలో ఎక్కువ కొవ్వును కాల్చి గ్లైకోజెన్‌ను పొదుపు చేస్తుంది. వారాల తరబడి చేసే నిదానపు దూరపు పరుగుల అసలు ప్రయోజనం ఇదే. ఒకే స్థాయి శ్రమలో స్త్రీలు పురుషుల కంటే కొంత ఎక్కువ కొవ్వును వాడుకుంటారని కూడా తేలింది.

గ్లైకోజెన్‌కు మరో పరిమితి ఉంది. కాలేయం తన నిల్వను గ్లూకోజుగా మార్చి నెత్తురులోకి వదలగలదు గాని, కండరానికి ఆ పని చేసే ఎంజైము లేకపోవడం వల్ల ఏ కండరపు నిల్వ ఆ కండరానికే. చేతుల్లో మిగిలిన గ్లైకోజెన్ ఖాళీ అయిన కాళ్లకు అక్కరకు రాదు. మారథాన్‌లో 30వ కిలోమీటరు దాటాక ఒక్కసారిగా కాళ్లు బరువెక్కి, తల తేలిపోయి, పరుగు నడకగా మారే స్థితిని పరుగరులు ‘వాల్’ తగలడమంటారు. అప్పటికి కాళ్ల గ్లైకోజెన్, దానితో పాటు కాలేయపు నిల్వ అడుగుకు చేరి ఉంటాయి. 1924 బోస్టన్ మారథాన్ ముగించినవారి నెత్తురును పరీక్షించిన హార్వర్డ్ వైద్యులు చివరలో కుప్పకూలిన పరుగరులలో గ్లూకోజు బాగా పడిపోయి ఉండడం గమనించి, మరుసటి ఏడు దారిలో తీపి తినిపించి ఆ స్థితిని చాలావరకు తప్పించగలిగారు.

అన్నం మీద ప్రయోగం

కండరంలోకి సూది దించి చిన్న ముక్కను తీసి పరీక్షించే పద్ధతితో స్వీడన్‌లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హల్ట్‌మన్ 1966లో చేసిన ప్రయోగం ఈ శాస్త్రంలో మలుపు. ఒకే సైకిలుకు ఇరువైపులా కూర్చుని ఇద్దరూ చెరొక కాలితో తొక్కి, ఆ కాలి గ్లైకోజెన్‌ను ఖాళీ చేసి, తరువాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నారు. పనిచేసిన కాలిలో నిల్వ విశ్రాంతి తీసుకున్న కాలికి రెట్టింపు దాటింది. మరుసటి సంవత్సరం వారి బృందం పిండిపదార్థం లేని తిండి, మామూలు తిండి, పిండిపదార్థం మెండుగా ఉన్న తిండి తిన్నవారు ఒకే శ్రమను వరుసగా సుమారు 57, 114, 167 నిమిషాలు భరించగలిగారని చూపింది. ఇంధనపు నిల్వ ఓర్పును ఎంతగా శాసిస్తుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన అంకెలు ఆ తరువాత కూడా అరుదు.

ప్రస్తుత సలహా ప్రకారం మారథాన్‌కు ముందు ఒకటిన్నర రెండు రోజులు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం తినాలి. 60 కిలోల పరుగరికి ఇది కనీసం 600 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో నూటికి 78 పాళ్లు పిండిపదార్థం కనుక, అన్నం ఒక్కటే ఆధారమైతే రోజుకు ముప్పావు కిలోకు పైగా బియ్యం వండుకోవాలి. అన్నానికి పేరుమోసిన గోదావరి జిల్లాల్లో కూడా అది ఒకరి వల్ల అయ్యే పని కాదు. అందువల్ల అన్నంతో పాటు అరటిపండు, బెల్లం, ఇడ్లీ, అటుకులు, పళ్లరసం కలుపుకొని, కడుపు నింపేసే పప్పు, ఆకుకూర, వేపుళ్లను ఆ రెండు రోజులకు తగ్గించుకోవడం మంచిది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ రోజుల్లో బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. అది చూసి కొత్తవారు బెంబేలెత్తి తిండి తగ్గించడం కద్దు. నిజానికి పెరిగినది కొవ్వు కాదు.

బియ్యపు రకాలన్నీ ఒక్కలా అరగవు. సత్తి గీత ఊరైన మార్టేరులోని వరి పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029, రైతులు స్వర్ణ అని పిలిచే రకం, తిన్న తరువాత నెత్తురులో గ్లూకోజును నిదానంగా పెంచే రకాలలో ఒకటని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ భాగస్వామిగా 235 రకాల మీద జరిగిన అధ్యయనంలో వెల్లడైంది. ఆ అధ్యయనంలో గ్లూకోజును పెంచే వేగాన్ని తెలిపే గ్లైసీమిక్ సూచిక రకాన్ని బట్టి 48 నుంచి 92 దాకా వ్యాపించి ఉంది. నిత్యపు భోజనానికి నిదానంగా అరిగేది మేలు. కఠిన సాధన ముగిసిన తొలి గంటల్లో నిల్వను తిరిగి నింపుకోవడానికి మాత్రం త్వరగా అరిగేదే మేలు. పరుగు సాగుతుండగా గంటకు 30 నుంచి 60 గ్రాముల చక్కెర ద్రవరూపంలో తీసుకోవచ్చు. గ్లూకోజుతో ఫ్రక్టోజును కలిపి పేగులను అలవాటు చేసుకున్నవారు 90 గ్రాముల దాకా తట్టుకుంటారు.

పిండిపదార్థాన్ని దాదాపు మానేసి కొవ్వు మీదనే పరుగెత్తవచ్చుననే వాదం ఇటీవలి దశాబ్దాలలో బాగా ప్రచారమైంది. ఆస్ట్రేలియాలో లూయిస్ బర్క్ బృందం మేటి పోటీ నడకవీరుల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, అలా తిన్నవారి కండరాలు కొవ్వును కాల్చడంలో నిజంగానే ఆరితేరాయి, కానీ అదే వేగానికి వారికి ఎక్కువ ఆక్సిజన్ కావలసి వచ్చి, సాధన వల్ల రావలసిన మెరుగుదల పోటీలో రాలేదు. పిండిపదార్థం తిన్నవారు మెరుగుపడ్డారు. బరువు తగ్గించుకోవడానికి ఆ తిండి ఉపయోగపడితే పడవచ్చు గాని, వేగానికి కాదు.

కొల్లేటికి వచ్చే పక్షులు

కొవ్వు నిదానపు ఇంధనమనే నియమం మనిషికే గాని ప్రకృతికి కాదు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేటికి చలికాలంలో పిన్‌టెయిల్, గార్గనే వంటి వలస బాతులు ఉత్తరాన మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వస్తాయి. వలస పక్షుల దూర ప్రయాణాలలో శక్తిలో తొంభై శాతం, ఆ పైన కూడా కొవ్వు నుంచే పుడుతుంది. గ్లైకోజెన్ తన వెంట నీటిని కూడా మోయిస్తుంది కనుక తడిబరువులో గ్రాముకు ఒక కిలో కేలరీ మాత్రమే ఇస్తుంది. ఎగిరే జీవి అలాంటి ఇంధనాన్ని మోయలేదు. మనిషే తన 5.4 కిలోల నిల్వ కొవ్వులోని శక్తిని గ్లైకోజెన్‌గా దాచుకోవలసి వస్తే, నీటితో కలిపి నలభై కిలోలకు పైగా మోయవలసి ఉండేది.

పక్షుల ప్రత్యేకత కొవ్వును దాచుకోవడంలో కంటే దానిని సరఫరా చేసుకోవడంలో ఉంది. కొవ్వు ఆమ్లాలను నెత్తురులో మోసే, కండరంలోకి చేర్చే ప్రోటీన్లు వాటిలో మెండుగా ఉండి, వలస కాలం దగ్గరపడేకొద్దీ ఇంకా పెరుగుతాయి. అందువల్ల మనిషి గ్లైకోజెన్ లేకుండా చేరలేనంత తీవ్రమైన శ్రమను అవి కొవ్వుతోనే రోజుల తరబడి సాగిస్తాయి. 2022 అక్టోబరులో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ జాతి పిల్లపక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 13,560 కిలోమీటర్లు పదకొండు రోజులలో ఎక్కడా దిగకుండా ఎగిరినట్టు ఉపగ్రహ పరికరం నమోదు చేసింది. అటువంటి పక్షులు బయలుదేరే ముందు కొవ్వును దేహపు బరువులో సగం దాకా పెంచుకుంటూనే, దారిలో పని లేని జీర్ణాశయాన్ని, పేగులను కుదించుకుంటాయి. కొల్లేటి ప్రాంతపు ఆటపాకలో గూడు కట్టే గూడబాతులు మాత్రం ఈ కోవలోకి రావు. అవి స్థానికంగా తిరిగే బరువైన పక్షులు, వేడిగాలి తరగల మీద రెక్కలు చాచి తేలుతూ శక్తిని ఆదా చేసుకుంటాయి.

లోటు వల్ల కలిగే నష్టం

కొవ్వు తగ్గితే వేగం పెరుగుతుందన్న సూత్రానికి ఒక అడుగు ఉంది, దాని కిందికి వెళితే ఫలితం తిరగబడుతుంది. తిన్న శక్తిలో నుంచి వ్యాయామానికి పోయినది తీసివేయగా దేహపు మిగతా పనులకు మిగిలేదానిని లభ్య శక్తి అంటారు. ఇది కొవ్వు మినహా దేహపు బరువులో కిలోకు రోజుకు 30 కిలో కేలరీల కిందికి దిగితే స్త్రీలలో రుతుచక్రాన్ని నడిపే హార్మోన్ల లయ చెడుతుందని ఆన్ లౌక్స్, జీన్ థూమా 2003లో కనుగొన్నారు. 20 శాతం కొవ్వు గల 50 కిలోల యువతి రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తితే ఆమెకు ఈ అడుగు దగ్గరపడేది సుమారు 1,700 కిలో కేలరీల వద్ద, సుఖంగా ఉండేది 2,300 వద్ద. ఆ లోటు నెలల తరబడి సాగితే నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారి పగుళ్లు రావడం, తరచు జబ్బుపడడం జరుగుతాయి. పురుషులకు కూడా ఇది వర్తిస్తుందని గుర్తించి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి క్రీడలలో సాపేక్ష శక్తి లోపమని పేరు పెట్టి, 2023లో మార్గదర్శకాలను సవరించింది. కానిస్టేబుల్ మహిళా అభ్యర్థుల అర్హతలో కనీసపు ఎత్తు 152.5 సెంటీమీటర్లు, కనీసపు బరువు 40 కిలోలు; ఆ రెండు కనీసాలూ కలిసిన దేహానికి బి.ఎం.ఐ. 17.2 మాత్రమే, అది తక్కువ బరువుకు హద్దుగా ఎంచే 18.5కు దిగువన ఉంది. బరువు తగ్గాలన్న సలహా వినడానికి వీరు తగినవారు కారు.

వీరి పరుగును కొవ్వు కంటే ఎక్కువగా కుంటుపరిచేది ఇనుము కొరత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ ఒక్కో గ్రాము 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది; అది డెసిలీటరుకు 14 గ్రాముల నుంచి 11కు పడితే నెత్తురు మోయగల ఆక్సిజన్‌లో అయిదో వంతుకు పైగా పోతుంది. పైన చెప్పిన ఆరు కిలోల కొవ్వు వల్ల కలిగిన నష్టం ఇందులో సగం కూడా లేదు. చౌకైన రక్త పరీక్షతో బయటపడే ఈ లోపాన్ని వదిలి, తూనిక యంత్రం మీద వారం వారం ఎక్కి దిగడం సాధనకు మేలు చేయదు. కండరానికి కావలసిన ప్రోటీన్ కోసం పరుగరికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు చాలు. శీలావతి, బొచ్చె చేపల్లో నూరు గ్రాములకు దాదాపు 19 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. కైకలూరు, కొల్లేటి చెరువుల నుంచి ఆ చేపలు మంచుపెట్టెల్లో లారీల మీద బెంగాల్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు తరలిపోతుండగా, వాటిని పెంచే ఊళ్ల పిల్లలు ప్రోటీన్ పొడి డబ్బాల కోసం ఖర్చు పెట్టడం విచిత్రమే.

ఉక్కపోతలో దేహం

పరుగులో ఖర్చయ్యే శక్తిలో మూడు వంతులకు పైగా వేడిగా మారుతుంది. 60 కిలోల మనిషి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే గంటకు 720 కిలో కేలరీలు ఖర్చయి, అందులో సుమారు 550 వేడి రూపంలో బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీలు పోతాయి, కానీ కారిపోయిన చెమట ఏ వేడినీ తీసుకుపోదు. కోస్తా జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, అందువల్ల ఇక్కడ వేడి ఎక్కువగా బయటికి పోలేక ఒంట్లోనే నిలుస్తుంది. పుట్టే వేడి బరువును బట్టి, పోయే వేడి చర్మపు వైశాల్యాన్ని బట్టి ఉంటాయి కనుక, బరువుతో పోల్చితే వైశాల్యం ఎక్కువగా ఉండే చిన్న దేహానికి ఉక్కలో స్పష్టమైన అనుకూలత ఉంది. పైగా ఒళ్లు వేడెక్కిన కండరం అదే వేగానికి ఎక్కువ గ్లైకోజెన్‌ను ఖర్చు చేస్తుంది, అంటే చలిలో 32 కిలోమీటర్లకు వచ్చే నిల్వ ఉక్కలో అంత దూరం రాదు.

చెమటతో పోయే బరువు కొవ్వు కాదు. టోపీలు, మందపాటి స్వెటర్లు వేసుకుని ఎండలో పరుగెత్తి తగ్గించుకున్న బరువు నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది, అందాకా నెత్తురు చిక్కబడి గుండెకు పని పెరుగుతుంది. అలాగని దాహంతో నిమిత్తం లేకుండా తాగడం కూడా ప్రమాదమే: 2002 బోస్టన్ మారథాన్ ముగించినవారిలో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి నెత్తురులో సోడియం సాధారణ స్థాయి కంటే పలచబడింది, పరుగు మొదలుకు ముందు కంటే ముగిసేసరికి బరువు పెరిగినవారిలోనే అది ఎక్కువగా కనిపించింది. పరుగుకు ముందూ తరువాతా తూచుకుంటే గంటకు ఒంటి నుంచి ఎంత నీరు పోతుందో ఎవరికి వారు తెలుసుకోవచ్చు. తూనిక యంత్రం దూరపు పరుగరికి నికరంగా ఉపయోగపడే చోటు ఇది.